కీళ్లు నిలబడ్డాయి, కోటింగే కొంప ముంచింది: ఎనిమిదేళ్ల తర్వాత నా బీటిల్ టాప్ ఫ్రేమ్

ముందు అద్దం పైనున్న రెండు పిడులు తిప్పి, బండి పక్కన నిలబడి ఒక్క చేత్తో తోస్తే టాప్, అంటే కారు పైకప్పు, వెనక్కి వెళ్లి ముడుచుకుంటుంది. ఎనిమిదేళ్లుగా వారానికి రెండుమూడు సార్లు చేస్తున్న పనే, అయినా నాకు ముచ్చట తీరలేదు. పాత ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కన్వర్టిబుల్ ఉన్నవాళ్లకు ఇది ఎంత మాటో అర్థమవుతుంది. పైన గుడ్డ, మధ్యలో మెత్త, లోపల ఇంకో గుడ్డ, వెనక అసలైన గాజు అద్దం. ఇంత బరువునీ మోసేది ఇనుప బద్దలూ చెక్క కమ్మీలూ కలిపి కట్టిన ఒక ఫ్రేమ్. మడిచాక కూడా బండిలోకి దిగిపోదు, వెనక మూటలా కూర్చుంటుంది. రియర్ వ్యూ అద్దంలో సగం ఆ మూటే కనిపిస్తుంది. జర్మనీలోని ఓస్నాబ్రూక్‌లో కార్మన్ అనే కారు బాడీల కంపెనీ వాళ్లు 1949 నుంచి 1980 దాకా కట్టిన బండ్లలో నాది 1972 నాటిది.

నా చేతికి వచ్చినప్పుడు టాప్ మడవాలంటే ఇద్దరం కావాల్సి వచ్చేది. ఒకరు ముందు అంచు ఎత్తి పట్టుకుంటే, ఇంకొకరు పక్క బద్దను మోకాలితో లోపలికి తోయాలి. మూసినప్పుడు ఎడమ పిడి పడితే కుడి పిడి పడేది కాదు. నేను చాలాకాలం గుడ్డ కుంచించుకుపోయిందనే అనుకున్నాను. గుడ్డ విప్పి చూశాక తెలిసింది, అసలు రోగం కీళ్లలో ఉందని. రివెట్లు అరిగి, బెజ్జాలు కోడిగుడ్డు ఆకారంలోకి సాగాయి. కీలు దగ్గర అర మిల్లీమీటరు లూజు అంటే ఏముందిలే అనిపిస్తుంది. కానీ పది సెంటీమీటర్ల బద్దలో అర మిల్లీమీటరు ఆడితే, మీటరు అవతల ముందు అంచుకు చేరేసరికి అది అయిదు మిల్లీమీటర్లు. అలాంటి కీళ్లు రెండు వైపులా కలిపి ఎన్ని ఉంటాయో లెక్కేసుకోండి.

అందుకే రివెట్లన్నీ డ్రిల్లు చేసి తీసేసి, బెజ్జాలను రీమర్‌తో మళ్లీ గుండ్రం చేయించి, వాటిలో కంచు బుష్షులు (బెజ్జంలో ఇమిడే చిన్న గొట్టాలు) దిగ్గొట్టి, షోల్డర్ బోల్టులు (తల కింద నునుపైన మెడ ఉండేవి) వేశాను. బుష్షులు, బోల్టులు సెట్టుగా ఒకచోట కొన్నాను. ముందు కమ్మీ చెక్క స్క్రూ పట్టనంతగా పుచ్చిపోయింది కాబట్టి దాన్నీ మార్చాను. ఆ చెక్క పని గురించి చెప్పేదేమీ లేదు, కొత్తది వేస్తే పనైపోతుంది. తర్వాత ఫ్రేమ్ మొత్తానికి నల్లటి పౌడర్ కోటింగ్ (పొడి రంగు చల్లి వేడికి కరిగించి పట్టించే పూత) చేయించి, గుడ్డ ఎక్కించాను.

మొదటి ఏడాది నన్ను కదిలిస్తే చాలు, ఈ కీళ్ల గురించే చెప్పేవాణ్ణి. మూసేటప్పుడు చప్పుడు లేదు, గతుకుల్లో గలగల లేదు, కదలిక కొంచెం బిగువుగా, వెన్నలా ఉండేది. ఆ బిగువంతా కంచు బుష్షుల మహిమే అని చూపించిన ప్రతివాళ్లకూ చెప్పాను. కొందరు నా మాట విని అదే సెట్టు వేయించుకున్నారు కూడా. వాళ్లకు ఇప్పుడు ఈ మిగతా భాగం చెప్పాల్సి ఉంది.

మూడో ఏడాది వానాకాలం. టాప్ తీసి బయటికి వెళ్లాను. తిరుగుదారిలో చినుకులు మొదలయ్యాయి. బండి పక్కకు ఆపి టాప్ లాగితే సగం దాకా వచ్చి ఆగింది. ముందుకూ రాదు, వెనక్కీ పోదు. గాలిపటంలా పైకి లేచి నిలబడిపోయింది. వాన పెరుగుతోంది, లోపల సీట్లు తడుస్తున్నాయి, నాకు టెన్షన్. రెండు చేతులతో బలం పెట్టి ఒక్క గుంజు గుంజాను. కుడివైపు నుంచి ‘కిర్రు’మని ఒక మూలుగు వచ్చి, టాప్ ముందుకు పడింది. పిడులు మాత్రం పడలేదు. ముందు అంచుకీ అద్దం ఫ్రేముకీ మధ్య కుడివైపు చిటికెనవేలు దూరేంత సందు. ఆ సందులోంచి నీళ్లు నా తొడ మీదికి ధారగా కారుతుంటే ఇంటిదాకా నడిపాను. గుంజడం నా తప్పే. పట్టేసిన కీలును గుంజితే వంగేది బద్ద. అలాగే వంగింది.

మర్నాడు లోపలి ప్యానెల్ తీసి, కుడివైపు పెద్ద కీలు బోల్టు విప్పాను. బద్దలు విడదీయగానే వాషర్ కింద ఉన్న నల్ల కోటింగ్ ఉల్లిపొరలా ఊడి వేలికి అంటుకుంది. దాని కింద ఎర్రటి తుప్పు పొడి. బుష్ మాత్రం పసుపుపచ్చగా, కొత్తదిలా మెరుస్తోంది. అప్పుడు మొదటిసారి కాలిపర్ తీసుకుని కొలిచాను. పౌడర్ కోటింగ్ మామూలుగా ఒక్కో ముఖం మీద 60 నుంచి 100 మైక్రాన్ల మందం (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉంటుంది. ఒకదానికొకటి ఆనుకునే రెండు బద్దల ముఖాల మీదా వేస్తే 0.12 నుంచి 0.2 మిల్లీమీటర్లు. షోల్డర్ బోల్టు మెడ పొడవు మారదు కదా, బద్దలు తిరగడానికి ఉండాల్సిన ఖాళీని ఆ కోటింగ్ తినేసింది. నేను వెన్నలాంటి బిగువు అని మురిసిపోయింది రంగు మందాన్ని చూసి.

మిగతాది ఊహించుకోవచ్చు. తిప్పినప్పుడల్లా ఆ ముఖాల మీద కోటింగ్ నలిగి చిట్లింది. చిట్లిన చోట నీళ్లు దిగి, కోటింగ్ కింద నిలిచాయి. తుప్పు ఇనుముకంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి లోపలి నుంచి ఉబ్బి కీలును బిగించేసింది. పైగా కంచూ ఇనుమూ ఒకేచోట తడిస్తే ముందు చెడేది ఇనుమే. అంటే బుష్ మెరుపు వెనక దాని పక్కనున్న బద్ద కొంత నష్టపోయింది. కోటింగ్ వేసిన షాపు వాళ్లను అడిగితే, రంగు పడకుండా ఏ ముఖాలు కప్పాలో మీరు చెప్పలేదుగా అన్నారు. నిజమే, చెప్పలేదు. కానీ బెజ్జాలకు మాత్రం అడగకుండానే రబ్బరు బిరడాలు పెట్టారు. అంత తెలిసినవాళ్లకు బెజ్జం చుట్టూ వాషర్ ఆనే చోటు తెలియదా అన్నది నాకు ఈనాటికీ మింగుడుపడదు.

కుడివైపు కీళ్లన్నీ విప్పి, ఆనుకునే ముఖాల మీద కోటింగ్ గీకేసి, తుప్పు పూర్తిగా పోయేదాకా రుద్ది, పల్చటి ప్రైమర్ మాత్రం వేసి, మధ్యలో నైలాన్ వాషర్లు పెట్టాను. వంగిన బద్దను తలుపూ కిటికీ అద్దమూ మూసి పెట్టి, అద్దం పై అంచుకు సమాంతరంగా వచ్చేదాకా కొద్దికొద్దిగా సరిచేశాను. ఈ సరిచూసుకోవడం గుడ్డ ఎక్కించకముందు చేస్తే గంట పని, ఎక్కించాక చేస్తే మూడు రోజులు. ఇదీ అనుభవంతోనే తెలిసింది. అయిదేళ్లయింది, ఆ వైపు మళ్లీ పట్టలేదు. మొదటి ఏడాది ఉన్న నిశ్శబ్దం మాత్రం పోయింది. టాప్ మడిచి ఉన్నప్పుడు గతుకుల్లో కుడివైపు నుంచి సన్నగా ‘టకటక’ వినిపిస్తుంది. వస్తే రానీ అనుకున్నాను.

కంచు బుష్షులకు ఏ సేవా అక్కర్లేదని అప్పట్లో అన్నాను, అదీ కొంచెం వెనక్కి తీసుకోవాలి. ఆరు నెలలకోసారి ఒక్కో కీలుకు ఒక్క చుక్క పల్చటి నూనె పడాల్సిందే. గ్రీజు వద్దు, దుమ్ము పట్టి గుడ్డకు మరకలవుతాయి. తడిసిన టాప్‌ను మడిచి వదిలేస్తే ఏ బుష్షూ కాపాడలేదు, చెక్క పుచ్చుతుంది, గుడ్డ బూజు పడుతుంది.

ఇక మీరు వేయించుకోవాలా అంటే, నా బండి ఎండావానా తగలని చోట నిలబడుతుంది, నేను తరచూ టాప్ తీస్తాను, నాకు ఒక్క చేత్తో మడవగలగడం ముఖ్యం. ఆ లెక్కన నాకు ఈ బుష్షులు బాగా పనికొచ్చాయి, మళ్లీ చేసినా ఇవే వేస్తాను. ప్రదర్శనలకు తీసుకెళ్లే బండి అయితే అసలు రివెట్లు తీసి బోల్టులు పెట్టడం చూసేవాళ్లకు నచ్చకపోవచ్చు. ఏడాదికి రెండుసార్లు టాప్ తీసేవాళ్లకు ఇంత శ్రమ అవసరమా అన్నది కూడా అనుమానమే. బాడీ కుంగి తలుపుల సందులు తేడాగా ఉంటే ముందు అది చూసుకోండి, ఫ్రేమ్ ఎంత బాగుచేసినా అద్దానికి అతకదు.

ఎడమవైపు కీళ్లు ఇంకా పాత కోటింగ్‌తోనే ఉన్నాయి. అవి ఇప్పటిదాకా పట్టలేదు, అందుకే విప్పలేదు. ప్రతి వానాకాలం ముందు ఆ వైపు బద్దను మెల్లగా తిప్పుతూ చెవి ఆనించి వింటున్నాను. ఈసారి కొంచెం బిగువుగా అనిపించింది.