ఆన్‌లైన్ లేఖల ఎడిటర్‌కు చందా కట్టే ముందు తెలుగు పీడీఎఫ్ తీసి చూడండి

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో డీటీపీ, జిరాక్స్ కేంద్రాలు నడుపుతున్న వారికీ, సంఘాల తరఫున లేఖలు తయారు చేసే కార్యదర్శులకూ ఈ హెచ్చరిక. ఫార్మాటింగ్ సాధనాలను కొత్తగా మెరుగుపరిచామని ప్రకటించుకుంటున్న ఒక ఆన్‌లైన్ లేఖల ఎడిటర్‌కు విజయనగరంలోని మా కేంద్రం తరఫున ఏడాది చందా కట్టాము. ఆ సాధనాలు ఇంగ్లీషుకు చక్కగా పనిచేస్తున్నాయి, తెలుగుకు మాత్రం పనికిరావు. ఉచితంగా వాడి చూసే గడువులో పీడీఎఫ్ దించుకోనివ్వరు కాబట్టి ఈ సంగతి డబ్బు కట్టాకే బయటపడుతుంది.

తెర మీద లేఖ బాగానే ఉంటుంది. పీడీఎఫ్ చేసేసరికి "విజ్ఞప్తి", "రాష్ట్రం" వంటి మాటల్లో ఒత్తులు విడిపోయి పొల్లు అక్షరాలుగా పక్కపక్కన నిలబడతాయి. వరుసల మధ్య ఎడం పెంచే వీలు పేరాలకే ఉంది, పట్టికలకు లేదు. అందువల్ల సర్వే నంబర్లు, విస్తీర్ణం, ఊరి పేర్లు రాసే గడుల్లో కింది ఒత్తులు తెగిపోతాయి. బోల్డ్ పెడితే, ఫాంటుకు విడిగా బోల్డ్ రూపం లేనప్పుడు ఉన్న అక్షరాన్నే లావు చేసి చూపడం వల్ల, చిన్న సైజులో ద, ధ తేడా తెలిపే గీత కలిసిపోతుంది. అర్జీదారు పేరులో ఆ తేడా ఎంత ముఖ్యమో ఈ పనిలో ఉన్నవారికి చెప్పనక్కరలేదు.

అన్నింటికన్నా నష్టం చేసింది ఫార్మాటింగ్ తొలగించే మీట. "కలెక్టర్‌కు" అని రాసేటప్పుడు ర్ పొల్లుగా నిలిచి, క దానికి ఒత్తుగా చేరకుండా ఉండటానికి మధ్యలో కంటికి కనబడని ఒక యూనికోడ్ గుర్తు ఉంటుంది. ఈ ఎడిటర్ దానిని అనవసరమైన చెత్తగా భావించి తీసేయడంతో, లేఖ అంతటా "కలెక్టర్కు", "తహసీల్దార్కు" అని మారిపోతోంది. వాట్సాప్ నుంచి తెచ్చి అతికించిన పాఠాన్ని సరిచేయడానికి ఆ మీట తరచుగా నొక్కవలసిందే. ప్రతి సోమవారం కలెక్టరేట్లలో ప్రజా సమస్యల పరిష్కార వేదికకు వెళ్లే జనం పొద్దున్నే మన దగ్గరకు వచ్చి నిలబడినప్పుడు, ప్రతి పొల్లునూ వెతికి దిద్దే తీరిక ఎవరికి ఉంటుంది?

ప్రత్యేక తెలుగు ఫాంట్ల పేరుతో వారు ఎక్కువ ధరకు అమ్ముతున్న ప్యాకేజీ గురించి కూడా చెప్పాలి. అందులో కనబడే గిడుగు, గురజాడ, మండలి, రామభద్ర ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఎవరికైనా ఉచితంగా దొరుకుతాయి. మన తెలుగు మహనీయుల పేర్లు పెట్టి అందరి కోసం విడుదల చేసిన అక్షరాలకు మనమే డబ్బు చెల్లించవలసి రావడం నాకు చాలా బాధ కలిగించింది.

డబ్బు తిరిగి ఇమ్మంటే, తెలుగు "ప్రయోగాత్మక భాష" అని నిబంధనల్లో రాశామని జవాబిచ్చారు. అమ్మకపు ప్రకటనలో ఆ మాట లేదు. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్లు 48 గంటల్లో తెలియజేసి, నెల రోజుల్లో పరిష్కరించాలి. అలా జరగకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కొనుగోలుదారు నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు, 5 లక్షల రూపాయల లోపు చెల్లింపులకు ఫీజు కూడా లేదు. ప్రకటన, రసీదు, చెడిపోయిన పీడీఎఫ్ మూడూ భద్రపరచుకోండి.

ఇప్పటికే చందా కట్టినవారు ముందుగా యూపీఐ యాప్‌లో ఆటోపే విభాగం తెరిచి ఆ అనుమతిని రద్దు చేసుకోండి. ఇంకా కట్టనివారు ఒత్తులూ పొల్లులూ ఉన్న మీ సొంత అర్జీ ఒకటి వారికి పంపి, పట్టికతో సహా పీడీఎఫ్ చేసి ఇమ్మని అడిగి, దాన్ని కాగితం మీద ప్రింటు తీసి చూడండి. అంతవరకు లిబ్రేఆఫీస్ రైటర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో యూనికోడ్ తెలుగు టైపు చేసుకుంటే ఖర్చు ఉండదు. మేము ప్రస్తుతం అర్జీలన్నీ అందులోనే చేస్తున్నాము.