ప్రత్యక్ష ప్రసారంలో తెలుగు అక్షరాలు: పీఎన్‌జీ బొమ్మా, టెక్స్ట్ సోర్సా, బ్రౌజర్ సోర్సా – ఏది మేలు?

పెళ్లిళ్లను, సీతారామ కల్యాణాలను, సంక్రాంతి కబడ్డీ పోటీలను యూట్యూబ్‌లో ప్రత్యక్షంగా చూపించడం ఇప్పుడు ఊరూరా సాగుతున్న పని. కెమెరాకూ మైకుకూ దక్కే శ్రద్ధ తెర మీద కనిపించే పేర్లకు, స్కోరు పట్టీకి, చుట్టూ వేసే చట్రానికి మాత్రం దక్కడం లేదు. ఎక్కువ మంది వాడే ఉచిత ప్రసార సాఫ్ట్‌వేర్ ఓబీఎస్ స్టూడియోలో (తెర మీదికి చేర్చే ప్రతి అంశాన్నీ అందులో ‘సోర్స్’ అంటారు) ఈ పనికి మూడు దారులున్నాయి. ఏ దారి పట్టాలో తేల్చుకునే ముందు రెండు సంగతులు చూసుకోవాలి. తెర మీది మాటలు ప్రసారం సాగుతుండగా ఎన్నిసార్లు మారతాయన్నది మొదటిది. వాటిని మార్చే మనిషి ఎవరన్నది రెండవది.

మొదటి దారి, ఫొటోషాప్‌లోనో మరో చోటో తయారు చేసిన పారదర్శక పీఎన్‌జీ బొమ్మను కెమెరా దృశ్యం మీద పరచడం. అక్షరాలు అప్పటికే బొమ్మగా మారిపోయి ఉంటాయి కాబట్టి డిజైనరు చూసినదే ప్రేక్షకుడూ చూస్తాడు. మన ఊళ్లలో శుభలేఖలు, ఫ్లెక్సీలు చేసే డీటీపీ కేంద్రాల్లో చాలావరకు పని ఇప్పటికీ అను ఫాంట్లతోనే నడుస్తోంది. ఆ ఫాంట్లు యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షర సంకేతాల పద్ధతి) కావు. అక్కడ టైపు చేసిన పేరును తెచ్చి ఓబీఎస్‌లో అతికిస్తే అర్థంలేని గుర్తులు వస్తాయి. పీఎన్‌జీగా తెచ్చుకుంటే ఆ చిక్కే లేదు. అయితే బొమ్మలో పడిన తప్పును అక్కడికక్కడ దిద్దలేము. ఒక పెళ్లిలో ముహూర్తానికి అరగంట ముందు, వరుడి పేరు ‘ప్రద్యుమ్న’లో ఒక వత్తు పోయిందని అతని మేనత్త గమనించి చెప్పారు. డిజైనరు ఫోను ఎత్తలేదు, అసలు ఫైలు నా దగ్గర లేదు. అమెరికాలో రాత్రి మేలుకొని చూసిన బంధువులందరూ ఆ తప్పు పేరునే చూశారు. అది నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. అప్పటి నుంచి పేరు వెనుక ఉండే పీఎన్‌జీ పలకను ఖాళీగా మాత్రమే చేయించుకుంటున్నాను. పేర్లను విడిగా నేనే వేస్తున్నాను.

రెండవ దారి ఓబీఎస్ సొంత టెక్స్ట్ సోర్స్. పేరు టైపు చేయగానే తెర మీదికి వస్తుంది, తప్పు ఉంటే క్షణంలో దిద్దవచ్చు. కానీ తెలుగువారు ముందే తెలుసుకోవలసిన తేడా ఇందులో ఒకటి ఉంది. విండోస్‌లో ఉండే జీడీఐ ప్లస్ సోర్స్ వత్తులను, గుణింతాలను సరిగానే కూర్చుతుంది. మ్యాక్‌లో, లినక్స్‌లో వచ్చే ఫ్రీటైప్ 2 సోర్స్ అలా కూర్చదు. ఒక్కో సంకేతానికి ఒక్కో ఆకారాన్ని వరుసగా పేర్చుకుంటూ పోతుంది. దానిలో ‘కృష్ణ’ అని రాస్తే ణ-వత్తు కిందికి దిగదు, పొల్లు పెట్టిన ష పక్కన నిండు ణ నిలబడుతుంది. ఆ రూపంలో ఒకరి పేరును వందల మందికి చూపించడం ఎంతమాత్రం తగదు కాబట్టి, మ్యాక్, లినక్స్ వాడేవారు తెలుగుకు ఈ దారిని విడిచిపెట్టడమే మంచిది. విండోస్‌లో టెక్స్ట్ ఫైలు నుంచి చదివించే సదుపాయం ఉపయోగకరమైనదే. ఆ ఫైలును యూటీఎఫ్-8గా (యూనికోడ్ అక్షరాలను దాచే పద్ధతి) భద్రపరచడం మరవకూడదు. పేరు పొడవును బట్టి అక్షరాలు పలక దాటి పోకుండా బౌండింగ్ బాక్సు (అక్షరాలు ఇమడవలసిన హద్దు) కూడా పెట్టుకోవాలి.

మూడవది బ్రౌజర్ సోర్స్, అంటే ఒక వెబ్ పేజీని తెర మీద పరచడం. దీని లోపల ఉన్నది గూగుల్ క్రోమ్‌కు మూలమైన క్రోమియం బ్రౌజరే కాబట్టి విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ తెలుగు సరిగా కూడుతుంది. పట్టీని ఒక వెబ్ పేజీగా రాసి, ఫైలును కంప్యూటర్‌లోనే ఉంచి, ‘లోకల్ ఫైల్’ గడిలో టిక్కు పెడితే సరిపోతుంది. మండలి, రామభద్ర, నోటో శాన్స్ తెలుగు వంటి ఉచిత ఫాంట్లలో ఒకదాన్ని అదే ఫోల్డరులో పెట్టుకుంటే ఫాంటు కోసం నెట్ మీద ఆధారపడనక్కరలేదు. కబడ్డీకి ఈ దారిని మించినది నాకు కనబడలేదు. రెండు జట్ల పేర్లు, పాయింట్లు, 20 నిమిషాల అర్ధభాగం గడియారం, 30 సెకన్ల కూత గడియారం, ఇవన్నీ ఒకే పేజీలో ఇమిడిపోతాయి. మీటలున్న మరో పేజీని ఓబీఎస్‌లోనే డాక్‌గా (పక్కన అతికి ఉండే చిన్న కిటికీగా) తెరిచి పెడితే, ఆట తెలిసిన కుర్రవాడెవరైనా పాయింట్లు నొక్కగలడు. అతనికి ఓబీఎస్ తెలియనవసరం లేదు.

ఇబ్బందులు ఇందులోనూ ఉన్నాయి. పేజీ రాయడం తెలిసినవారు కావాలి. సోర్స్ కొలత మొదట 800×600గా ఉంటుంది. దాన్ని 1920×1080కి మార్చకపోతే పట్టీ కుంచించుకుపోయి కనిపిస్తుంది. కనబడనప్పుడు సోర్స్‌ను ఆపివేసే ఎంపికను ఆన్ చేసి ఉంచితే, సీన్ (తెర అమరిక) మారి తిరిగి వచ్చేసరికి పేజీ మొదటి నుంచి లోడై, ముందుగా భద్రపరచని స్కోరు సున్నాకు పోతుంది. పాత ల్యాప్‌టాప్ మీద అయిదారు బ్రౌజర్ సోర్స్‌లు పెడితే బరువవుతుంది కాబట్టి అన్నింటినీ ఒకే పేజీలో పెట్టడం మేలు. స్కోరును గూగుల్ షీట్ నుంచి తెప్పించుకోవాలనుకునేవారు, వెబ్‌లో ప్రచురించిన షీట్ మారిన అంకెను కొన్ని నిమిషాల ఆలస్యంతో అందిస్తుందని గుర్తుంచుకోవాలి. కార్యక్రమ పట్టికకు ఆ ఆలస్యం పర్వాలేదు గాని కబడ్డీకి అది పనికిరాదు.

ఓబీఎస్ వెలుపలి దారుల్లో రెండింటిని ప్రస్తావిస్తే చాలు. వీమిక్స్ విండోస్‌కు మాత్రమే దొరుకుతుంది, 60 రోజుల ఉచిత పరీక్ష తర్వాత పూర్తి సదుపాయాలకు డబ్బు కట్టాలి. ఎక్సెల్ నుంచి పేర్లు తీసుకునే టైటిళ్లు అందులో సిద్ధంగా ఉంటాయి. స్ట్రీమ్‌యార్డ్ బ్రౌజర్‌లోనే నడుస్తుంది, వేర్వేరు ఊళ్ల నుంచి అతిథులు మాట్లాడే సాహిత్య సభలకు అనువైనది. సొంత చట్రం వేసుకోవాలంటే మాత్రం రుసుము చెల్లించాలి.

దారి ఏదైనా కొలతలు ఒక్కటే. నాలుగు వైపులా పూల చట్రం వేయించమని పెళ్లివారు అడుగుతారు. ఎడమ కుడులకు 160 చొప్పున, పైన కింద 90 చొప్పున పిక్సెళ్లు చట్రానికి ఇస్తే కెమెరాకు 1600×900 మిగులుతుంది. అంటే తెరలో దాదాపు 30 శాతం పూలకే పోతుంది. తలంబ్రాలు చూడాలని కూర్చున్న అమ్మమ్మకు అది నష్టమే కాబట్టి, కింద ఒక్క పట్టీతో సరిపెట్టమని నేను బతిమాలి ఒప్పిస్తాను. మెరుపులతో కదిలే చట్రం ఇంకా చేటు, ఎందుకంటే కెమెరా దృశ్యానికి దక్కవలసిన బిట్‌రేటును (సెకనుకు పంపగల డేటాను) అది తినేస్తుంది. ప్రసారంలో రంగుల వివరం వెలుగు వివరం కంటే తక్కువగా వెళుతుంది కాబట్టి నీలం మీద ఎరుపు అక్షరాలు అలుక్కుపోతాయి. ముదురు పలక మీద తెలుపుగాని లేత పసుపుగాని నిలుస్తుంది. 1080 వరుసల తెరలో తెలుగు అక్షరం 48 పిక్సెళ్లకు తగ్గితే ఫోనులో వత్తులు కనబడవు.

కల్యాణానికీ పెళ్లికీ ఖాళీ పీఎన్‌జీ పలక, దాని మీద విండోస్ టెక్స్ట్ సోర్స్ చాలు. మాటలు అయిదారుసార్లకు మించి మారవు. ఆటల పోటీకి మాత్రం బ్రౌజర్ సోర్సే, పేజీ రాయించడానికి వారం పట్టినా సరే. మ్యాక్, లినక్స్ మీద పనిచేసేవారికి రెండు సందర్భాలలోనూ అదే. ముందు రోజు రాత్రి ‘స్త్రీ’, ‘రాష్ట్రం’, ‘లక్ష్మి’, ‘జ్యోత్స్న’ అనే నాలుగు మాటలను పట్టీలో వేసి, అన్‌లిస్టెడ్ (లింకు ఉన్నవారికే కనిపించే) ప్రసారంగా పంపి, ఫోనులో చూసుకోండి. ‘జ్యోత్స్న’లో అడుగు వత్తు తెగిపోతే బ్రౌజర్ పేజీలో వరుస ఎత్తును (లైన్ హైట్) అక్షరం ఎత్తుకు ఒకటిన్నర రెట్లు చేసి మళ్లీ పంపండి.