ముక్కు పీల్చే గొట్టం: ఎనిమిది నెలలు వాడాక

బోనాలప్పుడు మా పాపకి ఐదో నెల. ఆ వారమే మొదటి జలుబు. అప్పటిదాకా జలుబంటే మందేసుకుంటే వారం, వేసుకోకపోతే ఏడు రోజులు అని జోకులేసేవాణ్ణి. ఆ వయసు పిల్లలు ఎక్కువగా ముక్కుతోనే ఊపిరి తీస్తారని ఆ రాత్రి తెలిసింది. పాలు పట్టుకుంటుంది, రెండు గుక్కలు తాగుతుంది, ఊపిరాడక వదిలేసి ఏడుస్తుంది. ఏడిస్తే ముక్కు ఇంకా బిగుసుకుపోతుంది. నిజాంపేటలో మా రెండు గదుల ఫ్లాట్‌లో మా ఆవిడా నేనూ వంతులేసుకుని తెల్లారేదాకా భుజాన వేసుకుని తిరిగాం.

మర్నాడు మెడికల్ షాపులో రబ్బరు బల్బు ఇచ్చారు, నొక్కి వదిలితే పీల్చేది. మూడు వారాలు వాడాం. ఎంత దులిపినా లోపల నీళ్ళు కదులుతూనే ఉండేవి. అనుమానమొచ్చి ఒకరోజు కత్తెరతో అడ్డంగా కోశాను. లోపల మిరియాల పొడి చల్లినట్టు నల్లటి బూజు. దీన్నా పిల్ల ముక్కులో పెట్టింది అని మా ఆవిడ నా వైపు చూసిన చూపు చెప్పలేను.

తర్వాత కొన్నదే ఈ గొట్టం. ఒక కొసన మెత్తటి మూతి పిల్ల ముక్కు దగ్గర, రెండో కొసన మన నోరు, మధ్యలో చిన్న స్పాంజి ఫిల్టరు. అవును, మనమే పీల్చాలి. మా అత్తయ్య మొదటిసారి చూసి, "రామ రామ, చీమిడి నోటితో పీలుస్తారా బాబూ!" అని వంటింట్లోకి వెళ్ళిపోయారు. ఫిల్టరు ఉంది కాబట్టి చీమిడి మన నోటిదాకా రాదు. ఎనిమిది నెలల్లో ఒక్కసారీ రాలేదు. జలుబు మాత్రం మాకూ అంటుకుంది. ముఖమ్మీదే తుమ్మే పిల్లని ఎత్తుకున్నాక గొట్టాన్ని అని లాభం లేదు.

పద్ధతి డాక్టరు చూపించారు. ముందు 0.65 శాతం సెలైన్ డ్రాప్స్, అంటే ఉప్పునీటి చుక్కలు, ఒక్కో ముక్కు రంధ్రంలో రెండేసి. ఒక నిమిషం ఆగాలి. ఈ నిమిషం ఆగకపోతే గొట్టం పనిచెయ్యదు, నేను మొదటి రెండు రోజులు ఆగకుండా గొట్టాన్నే తిట్టుకున్నాను. తల కాస్త ఎత్తులో పెట్టి, మూతిని ముక్కు రంధ్రం అంచున ఆనించి, లోపలికి దూర్చకుండా, మెల్లగా పీల్చాలి. సుర్రుమని శబ్దం, గొట్టంలోకి పసుపుపచ్చగా జీడిలాంటిది సాగుతూ వస్తుంది. చూడ్డానికి అసహ్యమే, కానీ ఆ తర్వాత పాప ఆపకుండా పది నిమిషాలు పాలు తాగితే వచ్చే సంతోషం వేరు. పాలకి ముందు, పడుకునే ముందు చాలు. మాటిమాటికీ పీలిస్తే లోపల పొర వాచి దిబ్బడ ఇంకా పెరుగుతుంది. పచ్చగా వస్తోంది, యాంటీబయాటిక్ కావాలేమో అని నేను టెన్షన్ పడితే, మామూలు వైరస్ జలుబులోనూ మూడు నాలుగు రోజులకి రంగు మారుతుందని డాక్టరు నవ్వేశారు.

లోపాలూ ఉన్నాయి. ఫిల్టర్లు విడిగా కొనాలి, ఆ ఖర్చు డబ్బా మీద ఎవరూ రాయరు. గొట్టం సబ్బు నీళ్ళతో కడిగి, గట్టిగా విదిలించి, వేలాడదీసి ఆరబెట్టాలి. ఓ వర్షాల వారం బద్ధకించాను, వంపు దగ్గర మళ్ళీ అదే బూజు. కాకపోతే ఇది పారదర్శకం, కనబడింది, పారేశాను. బల్బులో అదీ కనబడదు.

దగ్గుకి మాత్రం దీని మీద ఆశ పెట్టుకోకండి. అక్టోబరులో పట్టిన దగ్గు పందొమ్మిది రోజులు ఉంది. పడుకోబెడితే ముక్కులోది గొంతులోకి జారి వచ్చే దగ్గు గొట్టంతో కొంత తగ్గింది, అంతే. సిరప్ రాయమని అడిగాను. డాక్టరు రాయలేదు. సరిగ్గా ఆ రోజుల్లోనే మధ్యప్రదేశ్‌లో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విష రసాయనం కలిసిన దగ్గు మందు తాగి పసిపిల్లలు చనిపోయిన వార్తలు, రెండేళ్ళలోపు వాళ్ళకి దగ్గు, జలుబు మందులు ఇవ్వొద్దని కేంద్రం సూచన. మళ్ళీ అడగలేదు. వైరస్ పోయినా దగ్గు రెండు మూడు వారాలు ఉండొచ్చట. చిన్నపిల్లలకి ఏడాదికి ఆరేడు జలుబులు మామూలేనట. మాకు ఎనిమిది నెలల్లో నాలుగు అయ్యాయి, లెక్కకి తగ్గట్టే ఉన్నాం.

మా అమ్మ తేనె నాకించమంది, ఏడాది నిండేదాకా బొట్టు కూడా వద్దన్నారు డాక్టరు. కర్పూరం నూనె పసివాళ్ళకి విషం. స్నానం తర్వాత సాంబ్రాణి పొగ మానెయ్యడానికే ఇంట్లో పెద్ద చర్చ జరిగింది. పొగ పీలిస్తే నాకే దగ్గొస్తుంది, దానికెందుకు రాదు అన్నాక అమ్మ ఒప్పుకుంది. గదిలో తేమకని మిషన్ కూడా కొన్నాం. మాది బోరు నీళ్ళు, వారానికే టీవీ స్టాండ్ మీద తెల్లటి పొడి. అది ఇప్పుడు అటక మీద ఉంది.

నిజంగా ధైర్యమిచ్చింది ఏ వస్తువూ కాదు, ఫోన్లో గడియారం. పాప నిద్రపోతున్నప్పుడు చొక్కా పైకెత్తి నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టేవాణ్ణి. రెండు నెలల నుంచి ఏడాదిలోపు పిల్లలకి నిమిషానికి 50 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉన్నా, డొక్కలెగరేసినా, పాలు మానేసినా, పెదాలు నీలంగా మారినా ఆసుపత్రికి పరుగెత్తాలి. డిసెంబరు చలిలో ఒక రాత్రి రెండుసార్లు లెక్కపెట్టాను. 42 వచ్చింది. పడుకున్నాను.

ఇప్పుడు పద్నాలుగో నెల. గొట్టం కనబడితే రెండు చేతులతో ముక్కు మూసుకుంటోంది, పట్టుకోడానికి ఇద్దరం కావాలి. పోయిన వారం మా ఆవిడకి నైట్ షిఫ్ట్, నేనొక్కణ్ణే. డ్రాప్స్ మాత్రం వేసి ఊరుకున్నాను. పాప గట్టిగా తుమ్మింది, అంతా నా చొక్కా మీదికి వచ్చేసింది. ముక్కు తేలికై పడుకుంది. సగం పని మొదటినుంచీ ఆ చుక్కలే చేస్తున్నాయేమో!