చిల్లు ఉన్న మట్టి బిళ్ళ: కదురుదా, వలదా, బొమ్మబండిదా?

1780ల్లో నెల్లూరు దగ్గర ఒక రైతు దున్నుతుంటే రోమన్ బంగారు నాణేలున్న కుండ బయటపడింది. అవి ఎవరివో తేల్చడం కష్టం కాలేదు, ట్రాజన్, హేడ్రియన్ చక్రవర్తుల పేర్లు వాటి మీదే ఉన్నాయి. పాటిదిబ్బ, అంటే పాత ఊరు పాడై మిగిలిన మట్టిదిబ్బ, తవ్వకంలో తరచూ దొరికే మట్టి బిళ్ళకు ఆ అదృష్టం లేదు. గుండ్రంగా, మధ్యలో చిల్లుతో, అరచేతిలో ఇమిడేంత ఉంటుంది. దేనికి వాడారో మనమే తేల్చాలి.

మన వైపు ఇది ఇంకా చిక్కు. గుండ్లకమ్మ ఒడ్డున చందవరం లాంటి లోపలి ఊళ్ళో దొరికితే నూలు వడికే కదురు బిళ్ళ అనాలనిపిస్తుంది. ఒంగోలు దగ్గర కొత్తపట్నం తీరాన దొరికితే వలకు కట్టిన గుండు అనాలనిపిస్తుంది. కానీ ఏటి ఒడ్డువాళ్ళూ చేపలు పడతారు, తీరంలోవాళ్ళూ నూలు వడుకుతారు. ఊరిని బట్టి తీర్పు చెప్పేయడం నాకు నచ్చదు.

ముందు చిల్లు చూడాలి. కదురు పుల్ల ఆగకుండా తిరగడానికి తొడిగే బరువు కదురు బిళ్ళ. చిల్లు కాస్త పక్కకు జరిగినా పుల్ల ఊగుతుంది, దారం సమంగా రాదు. అందుకే చిల్లు అంచు నుంచి బిళ్ళ అంచు దాకా నాలుగు వైపులా కొలవాలి. కొలతలు దాదాపు ఒకటే వస్తే కదురు వైపు మొగ్గు. బరువు కూడా చూడాలి. పత్తి పీచు పొట్టిది, సన్న నూలు తీస్తుంటే బరువైన బిళ్ళ దాన్ని తెంపేస్తుంది. కాబట్టి సన్న నూలుకు తేలికది, ముతక దారానికి, నారకు పెద్దది. కొలవడానికని పాత చిల్లులోకి కొత్త పుల్ల దూర్చకూడదు. అసలు సాక్ష్యం ఆ చిల్లు గోడ మీదే ఉంటుంది, గీత పడితే పోయినట్టే.

వలకు ఈ లెక్కలేవీ అక్కర్లేదు. పైన బెండ్లు తేలాలి, కింద గుండ్లు మునగాలి, అంతే. చిల్లు వంకరగా ఉన్నా ఎవరికీ పట్టదు. కానీ తాడు ఎప్పుడూ ఒకే వైపు లాగుతుంది కాబట్టి చిల్లు ఆ వైపు అరిగి కోలగా మారుతుంది, అక్కడి నుంచి అంచు దాకా సన్నటి గాడి కూడా పడొచ్చు. కదురు పుల్ల వల్ల అరిగితే చుట్టూ సమంగా అరుగుతుంది. ఈ రెండు అరుగుదలల తేడాయే నా దృష్టిలో అన్నిటికన్నా గట్టి ఆధారం. ఆకారం కన్నా, ఊరు కన్నా దీన్నే నమ్ముతాను.

బొమ్మబండి చక్రం సంగతి తొందరగా తేలిపోతుంది. ఇరుసు దూరే చోట ఉబ్బెత్తుగా కుంభం ఉంటే చక్రమే. పెంకును అరగదీసి గుండ్రంగా చేసి, చిల్లు లేకుండా వదిలేస్తే తొక్కుడు బిళ్ళ లాంటి ఆటకు వాడి ఉండొచ్చు.

చిల్లు ఎలా పెట్టారన్నదీ ముఖ్యమే. పచ్చి మట్టిలో పొడిస్తే చిల్లు చుట్టూ మట్టి కాస్త లేచి ఉంటుంది, అంటే బిళ్ళ చెయ్యాలనే చేశారు. పగిలిన కుండ పెంకుకు రెండు వైపుల నుంచీ తొలిస్తే చిల్లు నడుము సన్నగా ఉంటుంది. తొలుస్తుండగా పగిలిన సగం ముక్కలు కూడా దొరికితే ఆ బిళ్ళలు అక్కడే తయారయ్యాయని చెప్పొచ్చు. ఆ ముక్కలను చెత్త అని పారేయకండి.

ఇక తోడు దొరికిన వస్తువులు. ఒకే బరువున్న బిళ్ళలు ఒక వరసలో పడి ఉంటే వల అనుకోవచ్చు, తాడు కుళ్ళిపోయినా వరస మిగిలింది. అందుకే చూడగానే ఏరి సంచిలో వేసుకోకుండా ముందు ఫొటో తీసి, లోతు రాసుకోవాలి. పాటిమన్ను పొలాలకు తోలుకుపోయిన చోట ఈ తోడు అంతా చెదిరిపోయింది. చేను గట్టు మీద ఒంటరిగా దొరికిన బిళ్ళ గురించి ధీమాగా మాట్లాడలేం, నాకు బాధగా ఉండేది అక్కడే.

నన్ను ఎంచుకోమంటే ఇలా చెప్తాను. చిల్లు సరిగ్గా మధ్యలో ఉండి, బరువు తక్కువై, చుట్టూ సమంగా అరిగితే కదురు. ఒక వైపే అరిగితే వల. చిల్లు మధ్యలోనే ఉండి ఒక వైపు అరిగితే, కదురుకు పనికిరాకపోయాక వలకు కట్టి ఉండొచ్చు. అప్పుడు దొరికిన వస్తువులు నమోదు చేసే రిజిస్టరులో రెండూ రాయాలి, ఒకటి కొట్టేయకూడదు.