ఫ్లాట్‌బెడ్ టీమ్‌లో చేరుతున్నారా? లివర్ బైండర్ పక్కన పెట్టి రాచెట్ బైండర్ కొనండి

అమెరికాలో ఫ్లాట్‌బెడ్ (గోడలు, పైకప్పు లేని చదును ట్రైలర్) మీద లోడు గొలుసులు బిగించడానికి రెండు రకాల బైండర్లు వాడతారు: లివర్‌ది, రాచెట్‌ది. ఒక్కరే నడిపే బండిలో ఎవరి అలవాటు వాళ్లది. టీమ్ బండికి మాత్రం రాచెట్టే సరైనది. ఒకరు నడుపుతుంటే రెండోవారు వెనక బెర్తులో పడుకుంటారు. అందుకే పగలు ఒకరు కట్టిన కట్టును రాత్రి రెండోవారు చీకట్లో టార్చి వేసుకుని చూడాల్సి వస్తుంది.

చూడకుండా కుదరదు కూడా. అక్కడి ఫెడరల్ నియమం ప్రకారం బయల్దేరాక మొదటి 50 మైళ్లలోపు కట్టు ఒకసారి తనిఖీ చేయాలి. తర్వాత 150 మైళ్లు నడిచినా, 3 గంటలు గడిచినా, డ్రైవర్ డ్యూటీ స్థితి (నడపడం, విశ్రాంతి వంటివి) మారినా, ఏది ముందొస్తే అప్పుడు మళ్లీ చూడాలి. టీమ్‌లో స్టీరింగ్ చేతులు మారిందంటే డ్యూటీ స్థితి మారినట్టే. కాబట్టి డ్రైవర్లు మారే ప్రతి చోటా దిగి చూడాలి.

లివర్ బైండర్ హ్యాండిల్ ఒక్క ఊపులో పడిపోతుంది, పని త్వరగా అవుతుంది. కానీ గొలుసు లాగుడంతా ఆ హ్యాండిల్ మీదే ఉంటుంది. విప్పేటప్పుడు ఎగిరి తన్నితే దవడ పగులుతుంది. హ్యాండిల్‌కు పైపు తొడిగి బిగించేవాళ్లున్నారు. అలా చేస్తే మామూలుగా పట్టాల్సిన దానికంటే ఎక్కువ బిగుతు పడుతుంది, విప్పేటప్పుడు తన్ను కూడా అంత గట్టిగా ఉంటుంది. ఇంకో చిక్కు ఏమిటంటే, గొలుసు అర లింకు వదులైతే లివర్‌తో సర్దలేం. పూర్తిగా విప్పి, హుక్కు ఇంకో లింకుకు మార్చి, మళ్లీ కొట్టాలి. మీరు కట్టని లోడు మీద, రోడ్డు పక్కన, నిద్రమత్తులో చేయాల్సిన పని కాదది. రాచెట్ అయితే హ్యాండిల్ నాలుగుసార్లు ఆడిస్తే సరిపోతుంది. మర మీద నెమ్మదిగా బిగుస్తుంది, నెమ్మదిగానే వదులవుతుంది, తన్నదు.

కొనేముందు బైండర్ మీద అచ్చువేసిన అంకె చదవండి. కొత్తవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. 3/8 అంగుళం గ్రేడ్ 70 గొలుసు (గ్రేడ్ అంటే ఉక్కు బలాన్ని చెప్పే గుర్తు) వర్కింగ్ లోడ్ లిమిట్, అంటే సురక్షితంగా భరించగల గరిష్ఠ లోడు, 6,600 పౌండ్లు. దానికి 5,400 పౌండ్ల బైండర్ తగిలిస్తే ఆ కట్టు విలువ 5,400 మాత్రమే, ఎందుకంటే లెక్కలోకి వచ్చేది బలహీనమైన భాగమే. లోడు బరువులో కనీసం సగానికి కట్లన్నీ కలిపి సరిపోవాలి. 44,000 పౌండ్ల లోడుకు 22,000 కావాలి. పైనుంచి అటూ ఇటూ వేసిన నాలుగు గొలుసులకు 6,600 చొప్పున 26,400 వస్తుంది. అదే 5,400 బైండర్లతో 21,600 దగ్గర ఆగిపోతుంది. 400 పౌండ్ల తేడాతో తూకం కేంద్రంలో బండి ఆగిపోతుంది. పైనుంచి వేయకుండా ట్రైలర్ నుంచి సామానుకే నేరుగా కట్టిన గొలుసుకైతే సగం విలువే ఇస్తారు. గొలుసుపై గ్రేడు గుర్తు అరిగిపోతే దాన్ని గ్రేడ్ 30గా లెక్కిస్తారు. అప్పుడు 3/8 అంగుళం గొలుసుకు దక్కేది 2,650 పౌండ్లే. ఇవన్నీ చూస్తే 3/8–1/2 అంగుళం సైజు, 9,200 పౌండ్ల బైండరే మేలు. బరువు, ధర కాస్త ఎక్కువే, అయినా ఆ ఖర్చుకు వెనకాడొద్దు.

బిగించే పద్ధతి: ముందు మరను రెండువైపులా దాదాపు చివరి దాకా బయటికి తీయండి. గొలుసును చేత్తో లాగగలిగినంత లాగి, రెండు హుక్కులూ లింకులకు తగిలించండి. తర్వాత పళ్ల చక్రాన్ని ఆపే చిన్న ముక్కను బిగించే వైపు తిప్పి హ్యాండిల్ ఆడించండి. హ్యాండిల్ బరువెక్కాక కూడా రెండు మూడు అంగుళాల మర మిగిలి ఉండాలి. మొదటి 50 మైళ్లలో లోడు సర్దుకుని గొలుసు వదులవుతుంది, ఆ మిగులుతోనే మళ్లీ బిగిస్తారు. మర అయిపోయేలా బిగించి ఇస్తే పార్ట్‌నర్ చేతులు కట్టేసినట్టే. మిగిలిన గొలుసు కొసను హ్యాండిల్‌కు చుట్టి రబ్బరు తాడు వేయండి. లేకపోతే బండి అదురుకు హ్యాండిల్ తిరిగి కట్టు విడుతుంది.

బైండర్ ఎప్పుడూ లోడు అంచు మీద వాలకూడదు. అంచు మీద పడితే లాగుడు పక్కకు పడుతుంది, మర వంగుతుంది. వంగిన మర ఒకచోట పట్టేసి ఇక తిరగదు. దాన్ని తిన్నగా చేసి వాడకండి, తీసేయండి. బైండర్లన్నీ కుడివైపు రావాలన్నది మా గట్టి అభిప్రాయం. అమెరికాలో బండ్లు రోడ్డుకు కుడివైపు నడుస్తాయి కాబట్టి, హైవే పక్కన ఆపినప్పుడు తనిఖీ చేసే మనిషి ట్రాఫిక్ లేని వైపు ఉంటాడు.

ఇక చేతులు మారే సమయం. బిగించడం అయ్యాక, మర బయటికి వచ్చే చోట పసుపు పెయింటు మార్కరుతో మర మీద, అది దూరే గొట్టం మీద కలిసేలా ఒక గీత గీయండి. రెండు గీతలూ ఎదురెదురుగా లేకపోతే బైండర్ తిరిగిందని రెండోవారికి టార్చి వెలుగులోనే తెలుస్తుంది. గీత సరిగ్గా ఉన్నా సుత్తితో గొలుసును తట్టండి. బిగుతుగా ఉంటే ఖణేల్‌మని మోగుతుంది, వదులైతే చప్పగా వినిపిస్తుంది. లోడు సర్దుకుని గొలుసు వదులైన సంగతి గీత చెప్పదు, తట్టితేనే తెలుస్తుంది.

రాచెట్ లోపాలు మరలోనే ఉంటాయి. చలికాలంలో రోడ్డుపై చల్లే ఉప్పు లోపలికి చేరి తుప్పు పడుతుంది, నీళ్లు గడ్డకడితే హ్యాండిల్ కదలదు. నెలకోసారి మరను పూర్తిగా బయటికి తీసి, వైరు బ్రష్‌తో రుద్ది, నిపుల్ (గ్రీజు ఎక్కించే చిన్న మూతి) ఉంటే గ్రీజు గన్‌తో గ్రీజు ఎక్కించండి. పళ్ల దగ్గర మాత్రం పలుచని నూనె చాలు. గ్రీజు పెడితే దుమ్ము పట్టి, ఆపే ముక్క పళ్లలో పూర్తిగా కూర్చోదు, బిగించేటప్పుడు జారుతుంది.

వాడని బైండర్లను క్యాబ్ వెనక ర్యాకులో వదులుగా పడేయకండి. ఆ గోడకు ఇవతలే పార్ట్‌నర్ పడుకుని ఉంటారు, ప్రతి గుంతకూ తల పక్కనే ఇనుము కొట్టుకుంటుంది. ట్రైలర్ పక్క పెట్టెలో రబ్బరు మ్యాటు పరిచి అక్కడ పెట్టండి.

మడత హ్యాండిల్ ఉన్నవీ దొరుకుతాయి. వెడల్పాటి లోడుకు హ్యాండిల్ బయటికి పొడుచుకు రాదు కాబట్టి అవి బాగుంటాయి. కాకపోతే మడత పిన్ను త్వరగా వదులవుతుంది, కొనేముందు ఊపి చూడండి. పాత సామాను కొంటుంటే రెండు మరలనూ చివరిదాకా తీయించి చూడండి. ఎక్కడైనా పట్టేసినా, హుక్కు నోరు తెరుచుకున్నా, వెల్డింగ్ చేసిన ఆనవాలు కనిపించినా ఎంత చవకైనా వదిలేయండి.