గుంటూరు ఆఫీసు కంప్యూటర్‌ని రేపల్లె నుంచి తెరవడం: టెయిల్‌స్కేల్‌తో నా అనుభవం

అమ్మకి మోకాలి ఆపరేషన్ అయ్యాక నేను రేపల్లెలో ఉండాల్సి వచ్చింది. నేను సీఏని, ఆఫీసు గుంటూరు అరండల్‌పేటలో. క్లయింట్ల లెక్కలన్నీ అక్కడున్న ఒక్క కంప్యూటర్లోనే. నెలనెలా 11న జీఎస్టీఆర్-1, 20న 3బీ జీఎస్టీ రిటర్న్‌లు వేయాలి. తేదీ దాటితే లేటు ఫీజు క్లయింటు నెత్తిన పడుతుంది. అందుకే మంచం పక్కన కూర్చుని ఆ కంప్యూటర్ని తెరిచే దారి వెతికాను. చివరికి పనికొచ్చింది టెయిల్‌స్కేల్, వేర్వేరు చోట్ల ఉన్న మన కంప్యూటర్లని ఇంటర్నెట్ మీదుగా ఒకే ప్రైవేటు నెట్‌వర్కుగా కలిపే సాఫ్ట్‌వేర్.

ముందు అందరూ చెప్పే పద్ధతే చేశాను. విండోస్‌లో, దూరం నుంచి కంప్యూటర్ తెరని వాడుకోనిచ్చే రిమోట్ డెస్క్‌టాప్ ఆన్ చేసి, రౌటర్లో దాని 3389 పోర్టు ఫార్వర్డ్ పెట్టాను, అంటే బయటి నుంచి ఆ నంబరుకి వచ్చే పిలుపుని ఆఫీసు కంప్యూటర్‌కి పంపమని చెప్పాను. రెండు రోజులు తంటాలు పడ్డా కనెక్ట్ కాలేదు. మూడో రోజు, ఆఫీసులో ఉండే కుర్రాణ్ణి రౌటర్ పేజీలో వ్యాన్ ఐపీ (నెట్ కంపెనీ రౌటర్‌కి ఇచ్చిన అడ్రసు) ఏముందో చదవమన్నాను. "100.72తో మొదలైంది మేడం" అన్నాడు. బయటికి మన ఐపీ ఏమని కనిపిస్తోందో గూగుల్‌లో చూడమంటే అక్కడ వేరే నంబరు. విషయం అప్పుడు అర్థమైంది. 100.64 నుంచి 100.127 దాకా ఉన్న నంబర్లు, ఒకే పబ్లిక్ ఐపీని చాలామందికి పంచడానికి నెట్ కంపెనీలు లోపల వాడుకునేవి. అంటే బయటి నుంచి వచ్చే పిలుపు మా రౌటర్ దాకా రానే రాదు, అందులో ఏం మార్చినా ఉపయోగం లేదు. నెట్ వాళ్ళకి ఫోన్ చేస్తే, స్టాటిక్ ఐపీ (మనకే ఉండే, మారని పబ్లిక్ అడ్రసు) కావాలంటే బిజినెస్ ప్లానుకి మారమన్నారు.

కుదరకపోవడమే మంచిదైంది. 3389ని ఇంటర్నెట్‌కి తెరిచి పెట్టడం వీధి తలుపు బార్లా తీసి పడుకోవడంతో సమానం. 2019లో బయటపడ్డ బ్లూకీప్ లోపంతో పాత విండోస్‌లోకి పాస్‌వర్డ్ లేకుండానే దూరే వీలుండేది. మైక్రోసాఫ్ట్ ఎప్పుడో వదిలేసిన ఎక్స్‌పీకి కూడా అప్పుడు ప్యాచ్ ఇచ్చింది. క్లయింట్ల పాన్ నంబర్లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు ఉన్న మిషన్‌ని అలా వదలకూడదు.

టెయిల్‌స్కేల్ దగ్గరికి అలా వచ్చాను. రెండు కంప్యూటర్లలోనూ వేసి ఒకే అకౌంట్‌తో లాగిన్ అయితే చాలు, ఒక్కోదానికి 100తో మొదలయ్యే సొంత అడ్రసు వస్తుంది. వీళ్ళు కూడా అదే వరస నంబర్లు వాడతారు కాబట్టి కంగారు పడకండి. లోపల నడిచేది వైర్‌గార్డ్, డేటాని ఎవరూ చదవలేని గుప్త రూపంలో పంపే వీపీఎన్ పద్ధతి. ఫైర్‌వాల్ మామూలుగా బయటి నుంచి వచ్చేదాన్ని ఆపుతుంది, లోపలి నుంచి వెళ్ళేదాన్ని కాదు. అందుకని రెండు మిషన్లూ తామే బయటికి వెళ్ళి ఒకదాన్నొకటి కలుసుకుంటాయి. నేరుగా దారి దొరక్కపోతే వాళ్ళ రిలే సర్వర్ మీదుగా 443 పోర్టులో పోతాయి. అప్పుడు కూడా మన డేటా రిలేకి చదవడానికి వీలుండదు. ఇంటి నెట్‌లో నాకు నేరుగానే కలుస్తుంది. ఫోన్ హాట్‌స్పాట్‌లో మాత్రం కొన్నిసార్లు రిలే పడుతుంది, ఎక్సెల్ షీటు కిందికి జరిపితే కాస్త ఆలస్యంగా కదులుతుంది.

కానీ వేసిన వెంటనే అంతా అయిపోలేదు. పింగ్ (అవతలి మిషన్ పలుకుతోందా అని చూసే పరీక్ష) వెళ్తోంది, రిమోట్ డెస్క్‌టాప్ మాత్రం తెరుచుకోవడం లేదు. పవర్‌షెల్‌లో టెస్ట్-నెట్‌కనెక్షన్ కమాండుతో 3389ని అడిగితే ఫాల్స్, అంటే ఆ పోర్టు అందడం లేదని వచ్చింది. నాకు అన్నిటికంటే పనికొచ్చిన పరీక్ష ఇదే. పింగ్ వెళ్తోందంటే దారి బాగానే ఉంది, అడ్డం ఆఫీసు కంప్యూటర్లోనే ఉంది. విండోస్ ఫైర్‌వాల్‌లో అనుమతి ఉంది. అడ్డుపడింది యాంటీవైరస్‌తో వచ్చిన ఇంకో ఫైర్‌వాల్. అందులో 3389ని 100.64.0.0/10 అడ్రసులకి, అంటే పైన చెప్పిన 100.64 నుంచి 100.127 దాకా వరసకి మాత్రమే తెరిచాం. కుర్రాడు సేవ్ నొక్కి "ఇప్పుడు చూడండి మేడం" అన్నాడు. నా లాప్‌టాప్ తెర ఒక్క క్షణం నల్లబడి, మా ఆఫీసు వాల్‌పేపర్ వచ్చింది. పక్క గదిలో ఉన్న అమ్మని పిలిచి చూపించాను.

మీరు పెట్టుకుంటే కొన్ని సంగతులు చూసుకోండి. ఆఫీసు కంప్యూటర్లో విండోస్ ప్రో ఉండాలి, ఇంటి దాంట్లో హోమ్ ఉన్నా చాలు. లాగిన్‌కి పిన్ పనిచేయదు, పాస్‌వర్డే కొట్టాలి. స్లీప్ ఆపేయండి. కరెంటు పోయి వస్తే దానంతటదే ఆన్ అయ్యేలా బయోస్‌లో (విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల్లో) పెట్టండి. అలా ఆన్ అయినప్పుడు అక్కడ లాగిన్ అయ్యే మనిషి ఉండరు కాబట్టి, టెయిల్‌స్కేల్ సెట్టింగుల్లో రన్ అన్‌అటెండెడ్ టిక్ పెట్టాలి. మామూలుగా మిషన్ కీ (టెయిల్‌స్కేల్‌లో ఆ మిషన్ లాగిన్‌ని నిలబెట్టేది) గడువు 180 రోజులు, ఆ తర్వాత మళ్ళీ లాగిన్ అడుగుతుంది. ఆఫీసు మిషన్ వరకు ఆ గడువుని అడ్మిన్ పేజీలో తీసేశాను. ఉచిత ప్లాను సొంత వాడకానికి. నాది వృత్తి కాబట్టి పనిచేస్తుందని తేలాక డబ్బు కట్టే ప్లానుకి మారాను. ఐదు నెలల్లో ఒక్క తేదీ కూడా తప్పలేదు, ఆ డబ్బుకి అది చాలు నాకు.

టెయిల్‌స్కేల్ చేతిలో లేని పని ఒకటుంది, సీఏలు ముందే తెలుసుకోవాలి. నా డీఎస్సీ టోకెన్‌ని (డిజిటల్ సంతకం ఉండే యూఎస్‌బీ) ఆఫీసు కంప్యూటర్‌కే పెట్టి వచ్చాను, అక్కడే సంతకం చేయొచ్చని. రిమోట్ డెస్క్‌టాప్‌లోకి వెళ్ళాక టోకెన్ కనిపించనే లేదు. విండోస్ లెక్కలో ఈ టోకెన్ స్మార్ట్‌కార్డే. మనం ఎక్కడ కూర్చున్నామో అక్కడి స్మార్ట్‌కార్డునే విండోస్ లోపలికి తీసుకెళ్తుంది, అవతలి మిషన్‌కి పెట్టినదాన్ని చూడదు. ఆదివారం తమ్ముణ్ణి అమ్మ దగ్గర ఉంచి, గుంటూరు వెళ్ళి టోకెన్ తెచ్చుకున్నాను. రిమోట్ డెస్క్‌టాప్ లోకల్ రిసోర్సెస్‌లో స్మార్ట్‌కార్డ్స్ టిక్ పెట్టి, టోకెన్‌ని నా లాప్‌టాప్‌కి గుచ్చితే ఆఫీసు తెర మీద పిన్ అడిగింది. ఆ రాత్రే రెండు ఆడిట్ రిపోర్టులకి సంతకం పెట్టాను.