ఆ క్లియర్ కోటు సీసాలు కొనకండి, తెరిచిన టిన్నులోని పాత సరుకు పోసి అమ్ముతున్నాడు

చేపలు పట్టే చెక్క ఎరలు సొంతంగా చేసుకునే నెల్లూరు, ప్రకాశం మిత్రులారా, సంక్రాంతి సెలవులకు సామాను తెప్పించుకునే ముందు ఇది చదవండి. పేరు రాయడం లేదు. ఎర రంగు మీద పూసే క్లియర్ కోటు, అంటే గాలి తేమతో గట్టిపడే పారదర్శక పాలియురెథేన్ పూత, చిన్న సీసాల్లో కావాలంటే మన వాళ్ళంతా ఎవరి దగ్గర కొంటారో అతనే. ఏ యాప్‌లో అమ్ముతాడో, ఆ పసుపు లేబుల్ ఎలా ఉంటుందో మీకు తెలుసు.

నేను రెండు వందల మిల్లీలీటర్ల సీసా తెప్పించాను. 1,450 రూపాయలు, పార్శిల్ ఖర్చు వేరు. పెద్ద టిన్ను కొనే స్తోమత మనలో చాలామందికి లేదు. కొన్నా, ఒకసారి మూత తీశాక దాన్ని కాపాడుకోవడం కష్టం. అందుకే చిన్న సీసాలకు గిరాకీ. మన ఈ అవసరం తెలిసినవాడే మోసం చేశాడన్నది నా కోపానికి అసలు కారణం.

ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపి పూసే రెసిన్) వదిలి దీనికి మారినవారికి ఎందుకు మారామో చెప్పనక్కర్లేదు. ఎపాక్సీ ఎండకు పసుపెక్కుతుంది. ముసురు రోజుల్లో పూస్తే పైన జిడ్డు పొర తేలుతుంది. గట్టిపడేదాకా ఎరను మోటారు మీద తిప్పుతూ కూర్చోవాలి. ఈ కోటు అయితే ఎరను ముంచి, తీసి, వేలాడదీస్తే చాలు. పల్చగా పడుతుంది, గాజులా మెరుస్తుంది, కొరమేను పళ్ళకూ పండుగప్ప మొప్పల అంచుకూ బాగా తట్టుకుంటుంది. కండలేరు జలాశయంలోనూ, కృష్ణపట్నం వైపు ఉప్పు కాలువల్లోనూ వాడిన పాత ఎరలు ఇప్పటికీ నా పెట్టెలో చెక్కుచెదరకుండా ఉన్నాయి. వాటి కోటు వేరే చోట కొన్నది.

పార్శిల్ వచ్చిన రోజే, ఫోను కెమెరా పెట్టుకుని, మూత చుట్టూ ఉన్న ప్లాస్టిక్ సీలు కోశాను. సీలు బాగానే ఉంది. మూత తిప్పితే రాలేదు. పట్టకారుతో పట్టుకుంటే వచ్చింది. లోపల మూడో వంతు ఖాళీ, అంటే అంతా గాలి. పైన మందపాటి పొర. పుల్లతో పొడిస్తే చిరగకుండా వంగింది. పొర కింద ద్రవం తీగలు సాగుతోంది. తాజా కోటు అలా ఉండదు, సీసా వంచగానే జారిపోతుంది.

ఇవన్నీ దారిలో జరిగాయని అనుకోవచ్చు. కానీ నేను ఆ ద్రవాన్ని పాత నైలాన్ గుడ్డలో వడగట్టాను. గుడ్డ మీద గోధుమ గింజంత ముక్కలు మిగిలాయి, గట్టిపడిన పొర ముక్కలు. సీసాలో పైన కట్టిన పొర ఎక్కడా చిరగలేదు. మరి అడుగున ఈ ముక్కలు ఎక్కడివి? పెద్ద టిన్నులో ఎప్పుడో పొర కట్టింది, దాన్ని చింపి, కింద మిగిలింది చిన్న సీసాల్లోకి పోశాడు. ఆ ముక్కలు కూడా పడ్డాయి. పడ్డాయని చూడలేదో, చూసి ఊరుకున్నాడో నాకు తెలియదు.

సందేశం పెట్టాను, వీడియో పంపాను. ‘కొంచెం థిన్నరు కలిపి వాడుకోండి, ఏ థిన్నరైనా పర్వాలేదు’ అని ఒక్క ముక్క జవాబు. అమ్మినవాడి మాట కదా అని, మా బావ కోసం చేసిన రెండు పండుగప్ప ఎరల మీద వేశాను. చెక్క చెక్కి, గరుకు కాగితంతో రుద్ది, సీసం బరువు సరిచూసి, పొలుసుల వల అద్ది, వెండి రంగు మీద ఆకుపచ్చ వీపు పొరలు పొరలుగా ఎక్కించిన ఎరలు. తెల్లారేసరికి పాలలా తెల్లబారాయి. ఒంటి నిండా బుడగలు. వీపు మీది రంగు ముడతలు పడి లేచింది. ఇనుప సామాను దుకాణంలో దొరికే మామూలు లక్క థిన్నరులో ఆల్కహాలు ఉండవచ్చు, తేమ కూడా ఉండవచ్చు. ఈ కోటు గట్టిపడేలా చేసే ఐసోసయనేట్ అనే రసాయనానికి, ద్రవంలో ఉండగా ఆ రెండూ పడవు. ఈ సరుకు అమ్ముకుని బతికే మనిషికి ఆ సంగతి తెలిసి ఉండాలి.

అప్పుడు ఫోను చేశాను. ఆ ఫోను గురించే ఇదంతా రాస్తున్నాను.

మొదట మర్యాదగానే ఎత్తాడు. ఊరు చెప్పగానే గొంతు మారింది. ‘అన్నా, మీది సముద్రం పక్క ఊరు. అక్కడి తేమకు ఏ కోటైనా గడ్డ కడుతుంది. దాచుకోవడం తెలియకపోతే మమ్మల్ని అనడం ఎందుకు?’ అన్నాడు. మూత తీసిన నిమిషంలోనే వీడియో తీశానని చెప్పాను. ‘వీడియోలు అందరూ తీస్తారు’ అన్నాడు. వడగడితే వచ్చిన ముక్కల సంగతి అడిగాను. కొంతసేపు మాట్లాడలేదు. పక్కన ఎవరితోనో ఏదో అన్నాడు. తర్వాత, నేను కాగితం మీద రాసుకున్న మాటలే ఇక్కడ ఇస్తున్నాను: ‘పెద్ద టిన్ను తెరిచింది వానలకు ముందే. అందరికీ అందులోంచే పోశాను. ఎవరూ ఫోను చేయలేదు. మీ ఒక్కరికే ఎందుకు ఇంత బాధ?’

అందరికీ అందులోంచే పోశాడట! అతని నోటి నుంచే వచ్చిన మాట ఇది. నిర్లక్ష్యంగా, తప్పు నాదే అన్నట్టుగా చెప్పాడు. డబ్బు వెనక్కి ఇమ్మంటే, ‘మూత తీసిన సీసా వెనక్కి తీసుకోం’ అన్నాడు. మూత తీయకుండా లోపల గడ్డకట్టిందని ఎవరికి తెలుస్తుంది? అది అడిగేలోపు ఫోను పెట్టేశాడు. ఆ తర్వాత నా నంబరు అతనికి కలవడం లేదు. యాప్‌లో నేను రాసిన అభిప్రాయం కింద మాత్రం ‘కస్టమర్ నిల్వలో లోపం’ అని జవాబు పెట్టాడు. అది చదివినవారంతా, ఈ నెల్లూరు మనిషికి సీసా మూత పెట్టడం కూడా రాదు కాబోలు అనుకుంటారు. డబ్బు పోయినదానికంటే నాకు అదే ఎక్కువ మండుతోంది.

నెల్లూరు గాలిలో తేమ ఎక్కువే, కాదనను. అక్టోబరు, నవంబరుల్లో ఈశాన్య రుతుపవనాల వానలు పడేటప్పుడు గోడలే చెమరుస్తాయి. అలాంటి చోట ఇది పూసే పద్ధతి మనకు కొత్త కాదు. ఈ కోటు గట్టిపడాలంటే గాలిలోని తేమే కావాలి. ఐసోసయనేట్‌తో నీరు కలిసి కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది, పొడవైన అణువులు ఒకదానికొకటి ముడిపడి పొరగా బిగుస్తాయి. మందంగా పూస్తే ఆ వాయువు బయటకు పోలేక బుడగలవుతుంది. అందుకే పల్చగా రెండు, మూడు పూతలు వేస్తాం. ఒకసారి పడ్డ ముడి థిన్నరుతో విడిపోదు. థిన్నరు దాన్ని కాసేపు పల్చబరచగలదు, అంతే. టిన్నులో సగం గట్టిపడిన సరుకు మళ్ళీ తాజాది కాదు, ఎన్ని సీసాల్లోకి మార్చినా, ఎంత మంచి లేబుల్ అంటించినా.

ఆ మాటకొస్తే లేబుల్ మీద తయారీ నెల, సంవత్సరం లేవు. తయారీదారు పేరు లేదు. 2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనల ప్రకారం చిల్లరగా అమ్మే ప్యాకెట్ మీద ఇవి ఉండాలి. పెద్ద టిన్ను విప్పి సీసాల్లో పోసి అమ్మేవాడికీ ఆ బాధ్యత ఉంటుంది. లోపమున్న సరుకు వెనక్కి తీసుకోం అనడానికి 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు ఒప్పుకోవు. 1915కు ఫోను చేసి జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రంలో ఫిర్యాదు నమోదు చేశాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 2019 చట్టం ప్రకారం కొన్నవాడు తానున్న ఊళ్లోనే కేసు వేసుకోవచ్చు, అమ్మినవాడి ఊరికి పోనక్కర్లేదు. నెల్లూరులోనూ ఒంగోలులోనూ కమిషన్లు ఉన్నాయి. 5 లక్షల రూపాయల లోపు విలువకు రుసుము లేదు. రెండేళ్లలోపు వేయాలి. 1,450 రూపాయలకు ఇంత శ్రమ ఎందుకని ఇంట్లో అడిగారు. అందరికీ అందులోంచే పోశాను అన్నవాడిని ఎవరో ఒకరు నిలదీయకపోతే, వచ్చే వానల ముందు ఇంకో టిన్ను తెరుస్తాడు.

నా దగ్గర పాడైన రెండింటికి తోడు, రంగు వేసి కోటు కోసం ఎదురుచూస్తున్న ఎరలు ఇంకా ఉన్నాయి. పైపూత లేని చెక్క ఎరను నీళ్ళలో వేయలేం. రంగులో సన్న పగులు ఉన్నా నీరు చెక్కలోకి దిగి, చెక్క ఉబ్బి, రంగు పెచ్చులుగా ఊడుతుంది. మా బావ సోమశిలకు వెళ్ళేలోపు అవి ఇవ్వాలనుకున్నాను. ఇప్పుడు ఆ రెండింటికీ మళ్ళీ రుద్ది, మళ్ళీ రంగు వేయాలి. ఆకుపచ్చ వీపు ఆ ఛాయలో మళ్ళీ వస్తుందన్న నమ్మకం లేదు.

ఇంకొక విషయం. ఇప్పటికే అతని సీసా కొని ఇంట్లో పెట్టుకున్నవారు మూత తీయక ముందే వంచి చూడండి. ద్రవం గోడ వెంట తేలికగా జారాలి. నెమ్మదిగా కదిలినా, పైభాగం అసలు కదలకపోయినా వీడియో మొదలుపెట్టి మూత తీయండి. తర్వాత వడగట్టండి, ముక్కలు దొరికితే వాటి ఫొటో తీయండి. సీలు, లేబుల్, పార్శిల్ మీది తేదీ కనిపించేలా ఒక ఫొటో విడిగా ఉంచండి. యాప్‌లో డబ్బు వెనక్కి అడిగే గడువు చిన్నది, వచ్చిన రోజే అడగండి. థిన్నరు మాత్రం కలపకండి.

బాగున్న కోటు ఉన్నవారు కూడా దాన్ని జాగ్రత్తగా చూసుకోండి. చిన్న గాజు సీసాల్లోకి అంచు దాకా నింపి దాచండి, లోపల గాలి ఎంత తక్కువుంటే అంత మంచిది. ముంచడానికి పోసుకున్నదాంట్లో మిగిలింది మళ్ళీ అసలు సీసాలో పోయకండి. మూత మరలకు పెట్రోలియం జెల్లీ పలచగా రాస్తే అంటుకుపోదు. పెద్ద టిన్ను ఉంటే మూత ఊడదీసే బదులు దానికి చిన్న రంధ్రం చేసి, కావలసినంత తీసుకుని, మర మేకుతో మూసేయవచ్చు. ఆర్గాన్ వాయువు దొరికేవారు మూసేముందు కొంచెం వదులుతారు. గాలికంటే అది బరువు, ద్రవం మీద పరచుకుని తేమను రానివ్వదు. వంటింటి ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి, ఇందులోని ద్రావకం మండే గుణం కలది. చల్లగా ఉన్న సీసా తెరిస్తే తేమ లోపలే చెమ్మగా దిగుతుంది కూడా. పూసేటప్పుడు కిటికీలు తెరవండి, రసాయన ఆవిరిని ఆపే ఫిల్టరు (కార్ట్రిడ్జ్) ఉన్న మాస్కు పెట్టుకోండి. గుడ్డ మాస్కు ఐసోసయనేట్‌ను ఆపలేదు, అది ఒంటికి పడకపోతే ఉబ్బసం పట్టుకోవచ్చు.

వానలకు ముందు తెరిచిన ఆ టిన్నులోంచి ఇంకెవరికి పోశాడో తెలియాలి. సీసా అడుగున చేత్తో రాసిన ఒక చిన్న అంకె ఉంటుంది, నా దానిమీద 7 ఉంది. మీ సీసా మీద ఏముందో, లోపల ఎలా ఉందో కింద రాయండి. ఎక్కువమందికి ఇలాగే జరిగితే ఫిర్యాదులన్నీ ఒకేసారి వేద్దాం.